బాత్మా ఆపా ఆఖరిమాట

పెరట్లో ఆప్రికాట్ చెట్ల కింద ఎండిన ఆవుతోలు పరిచి, దానిమీద గొర్రె ఉన్ని కుప్పగా పోసింది బాత్మా ఆపా. కొరియా నుంచి వచ్చిన విద్యార్థులను చుట్టూ కూర్చోబెట్టి, ఉన్ని కొట్టి విడదీయడానికి ఒక్కొక్కరి చేతికి రెండేసి బెత్తాలు ఇచ్చింది. వాళ్లు పాటకు తాళం వేస్తున్నట్టు వంతులవారీగా, మర్యాదగా కొడుతున్నారు. ఉన్నిలో చలనం లేదు.

"వీళ్లకెవరిమీదా కోపం లేదా ఏంటి?" అంది ఆపా కోడలివైపు తిరిగి. "కోపమొచ్చిన మనిషిని తలుచుకుని కొట్టమని చెప్పవే, సాల్కిన్."

సాల్కిన్ నవ్వు ఆపుకుంటూ ఆ మాట కొరియన్‌లో చెప్పింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చర్చి తరఫున, దేవుడి పనిమీద వచ్చినవాళ్లు. కోపం ఉందని ఎవరు ముందు ఒప్పుకుంటారు? చివరికి మిన్‌గ్యు అనే పొడుగాటి కుర్రాడు, "మా లెక్కల ప్రొఫెసర్" అని గొణిగి, రెండు బెత్తాలూ ఒకేసారి ఎత్తి దబీమని వేశాడు. దుమ్ము లేచింది. ఉన్ని గాల్లోకి ఎగిరి అతని జుట్టుమీద పడింది. ఆ తర్వాత ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది.

గోడ అవతల ఎవరో దగ్గారు. గోడమీదుగా ముందు తెల్లటోపీ, దాని కింద జాపార్ ముల్లా మొహం కనిపించాయి.

"బాత్మా, నీ గొర్రెల దుమ్మంతా నా టీలో పడుతోంది."

"పడనియ్ జాపార్. మీ ఇంటి టీకి ఇన్నాళ్లకి కాస్త రుచొస్తుంది."

"రుచి సంగతి మా ఆవిడ జూరాకి చెప్తానుండు."

"చెప్పు. ఆ మాట మొన్న తనే నాతో అంది."

ముల్లా నవ్వలేదుగానీ మీసం కదిలింది. కొరియా పిల్లలు లేచి, నడుం వంచి నమస్కారం పెట్టేసరికి ఆయన ఇబ్బంది పడి, గుండెమీద చెయ్యి పెట్టుకుని తల ఊపి, గోడ వెనక్కి తగ్గాడు.

ఊరు కిర్గిజ్ దేశంలోని కోక్‌బులాక్. ముందు సరస్సు, వెనక కొండలు. ప్రతి వేసవిలోలాగే ఈ ఏడూ హాన్ జిప్సానిం తన చర్చి విద్యార్థులను వెంటబెట్టుకు వచ్చాడు. చర్చిలో పెద్దరికం చేసేవాళ్లను వాళ్లు జిప్సానిం అని పిలుస్తారు. పొద్దున పూట బాలవాడి కంచెకు రంగు వేసేవాళ్లు. మధ్యాహ్నం ఊరి పిల్లలతో ఆటలు ఆడేవాళ్లు. సాయంత్రం, క్రీస్తును నమ్ముకున్న బాత్మా ఆపా ఇంట్లో కిటికీలు మూసుకుని పాటలు పాడుకునేవాళ్లు. ఆ వేళకు ఊళ్లో నుంచి నలుగురైదుగురు ముసలమ్మలు శాలువాలు కప్పుకుని వచ్చి గోడవారన కూర్చునేవాళ్లు. ఆపా కొడుకు, సాల్కిన్ మొగుడు ఓర్మోన్ మాత్రం ఆ కాసేపూ వీధిలోకి వెళ్లి తన లారీలో కూర్చునేవాడు.

సాల్కిన్‌కు తప్పేది కాదు. సియోల్‌లో బట్టలు కుట్టే కార్ఖానాలో నేర్చుకున్న భాష ఆమెది. మధ్యలో కూర్చుని అటు మాటలు ఇటూ, ఇటు మాటలు అటూ చేరవేసేది. నువ్వు ఎవరి పక్షమని వీధిలో ఎవరైనా అడిగితే, "టీ కాగే సమోవార్ పక్షం" అనేది. నవ్వి వదిలేసేవాళ్లు.

"ఈ అమ్మాయి చెయ్యి చూడు," అంది ఆపా ఇప్పుడు. ఉన్‌బి అనే అమ్మాయి అరచేతిలో బొబ్బలు లేచాయి. ఆపా ఆ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, గొర్రె కొవ్వు తెచ్చి రాసింది. ఉన్‌బి ఆ వాసనకు ముక్కు ముడిచింది. అయినా చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఇంట్లో అమ్మ ఉందా అని అడుగు."

సాల్కిన్ అడిగింది. ఉందంది ఉన్‌బి. అయితే అమ్మకు పని ఎక్కువట, ఫోన్లోనే మాట్లాడుకుంటారట.

"ఇక్కడున్నన్నాళ్లూ నా పక్కన పడుకోమను," అంది ఆపా. "నేను గురక పెడతానని కూడా చెప్పు. తర్వాత నన్ను అనకుండా."

*

మర్నాడు మధ్యాహ్నం టీకి సరిపడా రొట్టె తీసుకెళ్దామని సాల్కిన్ బాలవాడి నుంచి ఇంటికి వచ్చింది. పెరటి పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఆపా మెట్టుమీద కూర్చుని ఉంది. ఆవిడ పనివేళ అలా కూర్చోదు.

"ఏంటి ఆపా?"

"ఏం లేదే. ఒంట్లో ఓపిక లేదు."

మొహం బూడిదరంగుకు తిరిగింది. సాల్కిన్ పక్కన కూలబడి భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆపా చెయ్యి చల్లగా, తడిగా తగిలింది. జేబులో ఫోన్ కోసం సాల్కిన్ తడుముకుంటూ ఉండగా ఆపా చూపు పొయ్యి దగ్గరికి వెళ్లింది.

"పాలు పొంగుతున్నాయి, చూడు."

పాత అలవాటు. అత్తగారు చూడమంటే కోడలు లేస్తుంది. సాల్కిన్ ఒక్క అంగలో వెళ్లి, పైటచెంగులాంటి తన శాలువా కొసతో గిన్నె పట్టుకుని, నురుగు అంచు దాటకముందే దించింది. వెనక్కి తిరిగేసరికి ఆపా తల తలుపు చెక్కకు ఆని ఉంది. కళ్లు పాల గిన్నెవైపే ఉన్నాయి.

ఊరి నర్సు వచ్చి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, ఆ కళ్లు మూసింది. ఓర్మోన్ లారీని వీధి మధ్యలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఆవిడ ఊలు మేజోళ్లను పైకి లాగి సరిచేశాడు. మళ్లీ మళ్లీ అదే పని చేశాడు.

సాయంత్రానికి పెరట్లో బోజ్‌ఉయ్ లేవాలి. చనిపోయిన మనిషిని ఆ గుండ్రటి గుడారంలోనే ఉంచుతారు. మామూలుగా అయితే ఈపాటికి వీధి వీధంతా వచ్చేసేది. చెక్కలు ఒకరు, తాళ్లు ఒకరు, కంబళి చుట్టలు ఇంకొకరు మోసుకొచ్చేవాళ్లు. మామగారు పోయినప్పుడు పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. ఇవాళ గేటు బయట జనం ఉన్నారుగానీ లోపలికి రావడం లేదు. రోడ్డు అవతల గుంపుగా నిలబడి, ఒకరితో ఒకరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఓర్మోన్ ఒక్కడే చట్రాన్ని నిలబెట్టబోతే అది ఒకపక్కకు ఒరిగిపోతోంది.

బాలవాడి నుంచి కొరియా పిల్లలు అప్పుడే వచ్చారు. చేతులకు ఇంకా నీలం రంగు ఉంది. ఉన్‌బి ఏడుస్తూ లోపలికి పోయింది. మిన్‌గ్యు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే వెళ్లి చట్రం పట్టుకున్నారు. హాన్ జిప్సానిం కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, పైకప్పు కర్రలు అందించసాగాడు.

రోడ్డు మీదనుంచి ఒక గొంతు వినిపించింది. "చూశారా, గుడారం కూడా వాళ్లే వేస్తున్నారు. ఇంక మనతో పనేముంది?"

గుంపులో ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్లిపోవడం సాల్కిన్ చూసింది. వాళ్లలో ఒకతని చేతిలో తాళ్ల చుట్ట ఉంది. సాయానికనే తెచ్చుకున్నాడు.

ఆమె హాన్ దగ్గరికి వెళ్లింది. "జిప్సానిం, మీ పిల్లల్ని లోపలికి పిలవండి."

"సాయం చేయకూడదా?"

"చేయకూడదు."

ఇన్నేళ్లలో ఆమె ఆయనతో అంత ముక్తసరిగా మాట్లాడింది లేదు. హాన్ చేతిలోని కర్రను జాగ్రత్తగా నేలమీద పెట్టి, పిల్లలను పేరుపేరునా పిలిచాడు. మిన్‌గ్యుకు అర్థంకాలేదు. తను వదిలితే చట్రం పడిపోతుందని సైగ చేశాడు. ఓర్మోన్ వచ్చి అతని స్థానంలో నిలబడ్డాడు. కాసేపటికి తాళ్లతో వెనుదిరిగినతను మళ్లీ వచ్చాడు. అతని వెనక ఇంకొందరు వచ్చారు. గుడారం లేచింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

*

ఊరి పెద్దలు వచ్చి బల్లమీద కూర్చున్నారు. సాల్కిన్ తలవంచుకుని, కప్పుల్లో సగానికి టీ పోసి అందిస్తోంది. సాతిబల్డి అనే పెద్దాయన కప్పు అందుకున్నాడుగానీ తాగలేదు.

"ఓర్మోన్, నీ బాధ మాకు తెలీదని కాదు. ఆ స్మశానం ముస్లింలది. కాదనుకున్నది మీ అమ్మే. మనమెవరమూ ఆవిణ్ని తోసెయ్యలేదు."

"మా నాన్న పక్కన చోటు వదిలిపెట్టాం బైకె," అన్నాడు ఓర్మోన్, పెద్దన్నను పిలిచినట్టు పిలిచి. " అప్పుడు తవ్వింది మీరే. కొలిచింది మీరే."

"అప్పుడావిడ మనలో మనిషి."

"ఎక్కడ పెట్టమంటారు మరి? లారీలో పెట్టుకు తిరగనా?"

"వాళ్లున్నారుగా లోపల, ఇంతమంది," అన్నాడు సాతిబల్డి ఇంటివైపు గడ్డం ఎగరేసి. "వాళ్ల దేశం తీసుకుపొమ్మను. విమానంలో చోటుండకపోదు."

ఓర్మోన్ లేవబోయాడు. అంతదాకా మాట్లాడని జాపార్ ముల్లా అతని మోకాలిమీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. లేచి, చేతులు కడుక్కునే వంకతో సమోవార్ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా," అన్నాడు సాల్కిన్‌తో, గొంతు తగ్గించి. "పోయేటప్పుడు నువ్వొక్కదానివే దగ్గరున్నావట."

"అవునండీ."

"ఆ ఘడియలో మనిషి నాలుక పుట్టినప్పటి దేవుడివైపు తిరుగుతుందంటారు. ఆవిడేమైనా అందా? ఒక్క మాటైనా సరే. సగం మాటైనా సరే." ఆయన చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాడు. "నువ్వు విన్నానంటే నాకు చాలు. ఒట్టు వెయ్యమనను. పొద్దున నలుగురి ముందూ చెప్పు, నేనే జనాజా నమాజు చదువుతాను. తన మొగుడి పక్కన పడుకుంటుంది."

ఆయన తన కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడని సాల్కిన్‌కు అర్థమైంది. తువ్వాలు అందుకుంది.

ఇంట్లో కొరియా పిల్లలు నేలమీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఉన్‌బి ఆపా పరుపు అంచుమీద కూర్చుని ఉంది. హాన్ జిప్సానిం సాల్కిన్‌ను చూడగానే లేచాడు.

"సాల్కిన్ గారూ, ఇప్పుడు అడగడం బాగుండదని తెలుసు. చివర్లో ఆమె ప్రభువును పిలిచారా?"

సాల్కిన్ శాలువా సర్దుకుంది.

"మా చర్చిలో ఆమె పేరు తెలియనివాళ్లు లేరు. ఈ పిల్లలకు కూడా..." ఆయన పిల్లలవైపు చూశాడు. "వీళ్లు చావును ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. ఆమె ఏమని వెళ్లారో తెలిస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. నాకు కూడా. రేపు సమాధి దగ్గర ఒక్క పాట పాడాలి. పాట లేకుండా ఆమెను పంపడం నావల్ల కాదు."

"పొద్దున చెప్తాను జిప్సానిం."

వరండాలో ఓర్మోన్ కాపు కాసి ఉన్నాడు. ముల్లా అతనికీ చెప్పినట్టుంది.

"ఆ మాట అందని చెప్పెయ్. ఏం పోతుంది?"

"ఆవిడ అనలేదు ఓర్మోన్."

"నిజమెవరడిగారు నిన్ను? పొద్దస్తమానం వాళ్ల మాటలు వీళ్లకీ, వీళ్ల మాటలు వాళ్లకీ మారుస్తుంటావుగా. ఇదొకటి మార్చలేవూ?"

అన్నాక తనే తల పట్టుకున్నాడు. సాల్కిన్ అతని పక్కన కూర్చుంది. తను పొయ్యివైపు తిరగకుండా ఉండి ఉంటే ఆపా ఇంకేమైనా అనేదేమో. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, మధ్యాహ్నం నుంచీ దాన్నే నమిలి మింగుతోంది. అబద్ధం పెద్ద కష్టమేం కాదు. రెండు అబద్ధాలైనా కష్టం కాదు. ముల్లాకు ఒకటి, హాన్‌కు ఒకటి. ఇద్దరూ నమ్ముతారు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. కానీ ఆవిడ మిగిల్చిపోయినది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా తీసేస్తే ఆ మెట్టుమీద చనిపోయిన మనిషి ఎవరో తనకే తెలియకుండా పోతుంది.

*

పొద్దున శవానికి స్నానం చేయించాలి. ఎవరు వస్తారోనని సాల్కిన్ ఎదురుచూస్తుండగా ముల్లా భార్య జూరా బకెట్‌తో గేటు తోసుకుని వచ్చింది. ఆవిడను మొగుడు పంపలేదట, వద్దనలేదట. "నీళ్లు బాగా వేడిగా ఉండాలి," అంది. "దీనికి చన్నీళ్లంటే చచ్చినా పడేది కాదు." ఇద్దరూ గుడారంలోకి వెళ్లి, ఆ పని పూర్తిచేశారు. ఆ తర్వాత జూరా గోడవైపు తిరిగి కూర్చుని, కాగితం చింపినట్టు గొంతెత్తి శోకం మొదలుపెట్టింది. ముసలమ్మలు అందుకున్నారు. కోడలు కూడా పాడాలి. పోయినవారి మంచీ చెడ్డా తనే మాటలు కట్టి పాడాలి. సాల్కిన్ నోరు తెరిచిందిగానీ మాట రాలేదు.

ఎండ ఎక్కుతుండగా పై ఊరినుంచి మంబెత్ వచ్చాడు. ఆపాకు అన్న. ఇంట్లోవాళ్లకు తాయకె, అంటే మేనమామ. చెల్లెలు క్రీస్తును నమ్ముకుందని తెలిసిన రోజునుంచీ ఈ గడప తొక్కలేదు. అన్నలు చెల్లెలి చావుకు వచ్చేటప్పుడు వీధి మొదటినుంచే ఏడుస్తూ వస్తారు. మంబెత్ నోరు విప్పకుండా గుర్రం దిగి, కళ్లెం ఎవరి చేతిలోనో పెట్టి, కర్ర పోటేసుకుంటూ పెరట్లోకి వచ్చాడు. గుడారంవైపు చూడలేదు.

"ఏం తేల్చారు?" అన్నాడు.

"తేల్చాల్సింది మేం కాదు," అన్నాడు సాతిబల్డి. "కోడలు చెప్పాలి. దగ్గరుంది తనే."

మగవాళ్లంతా తిరిగి చూశారు. వరండామీద హాన్, అతని వెనక విద్యార్థులు లేచి నిలబడ్డారు. భాష తెలియకపోయినా ఇది ఆ మాటే అని వాళ్లకూ తెలిసిపోయింది.

"చెప్పు బిడ్డా," అన్నాడు జాపార్ ముల్లా. "నువ్వు విన్నది చెప్పు." చివరి మాట దగ్గర ఆయన గొంతు బతిమాలింది.

సాల్కిన్ శాలువా కొస వేలికి చుట్టుకుంది. ఇంతమంది మగవాళ్ల ముందు ఆమె ఎన్నడూ సొంత మాట మాట్లాడలేదు.

"ఆపా మెట్టుమీద కూర్చుంది," అంది. "ఓపిక లేదంది. పొయ్యివైపు చూసి, పాలు పొంగుతున్నాయి చూడు అంది. నేను పాలు దించి వచ్చేసరికి పోయింది. ఇంకేం అనలేదు."

తర్వాత వరండావైపు తిరిగి అదే మాట అదే గొంతుతో కొరియన్‌లో చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు, పెంచలేదు. ఉన్‌బి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హాన్ తల వంచుకున్నాడు.

ఓర్మోన్ కళ్లు మూసుకున్నాడు.

"ఇంకేం, తేలిపోయింది," అన్నాడు సాతిబల్డి. గొంతులో గెలుపేమీ లేదు.

"ఉండు," అన్నాడు మంబెత్. కోడలివైపు రెండడుగులు వేశాడు. "పాలు పొంగాయా?"

"లేదు తాయకె. పొంగకముందే దించాను."

"పొంగలేదు," అన్నాడు ఆయన. "పొంగలేదన్నమాట." కర్రమీద రెండు చేతులూ ఆనించి, వాటిమీద నుదురు పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ముందు నవ్వుతున్నాడేమో అనుకున్నారు. తర్వాత ఆ పెద్ద ఒంట్లోంచి గొంతు బయటికి వచ్చింది.

"ఓ నా చెల్లీ. ఓ నా ఒక్కగానొక్క చెల్లీ."

చావింట్లో ఒక మగవాడు అలా గొంతెత్తితే పక్కనున్నవాడు ఊరుకోకూడదు. ఊరుకోవడం వాళ్లకు రాదు కూడా. గుడారం పక్కన నిలబడ్డ ఓర్మోన్ అందుకున్నాడు. "ఓ మా అమ్మా." తాళ్లు తెచ్చినతను అందుకున్నాడు. గేటు బయట నిలబడ్డవాళ్లు ఏడుస్తూనే లోపలికి వచ్చి, ఓర్మోన్ పక్కన వరసలో నిలబడ్డారు. సాతిబల్డి కాసేపు బిగబట్టుకు చూశాడు. ఆపాతో పాటు ఒకే బడిలో చదువుకున్నవాడు. ముక్కు చీదుకుని, "ఓ మా అక్కా," అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

మంబెత్ మొహం తుడుచుకుని తల ఎత్తాడు.

"చచ్చేముందు కూడా ఇంటి పనే. వేరే దేన్నీ తలుచుకునే తీరిక ఎక్కడ దొరికిందని దానికి? దాన్ని నేను తీసుకెళ్తాను. దాని మొగుడి పక్కన పెడతాను. అడ్డమొచ్చేవాళ్లెవరో ఇప్పుడే రండి."

ఎవరూ కదల్లేదు.

"నేను జనాజా చదవలేను, మంబెత్," అన్నాడు ముల్లా. "ఆ మాట వినకుండా చదవడం నా చేతుల్లో లేదు."

"నిన్ను చదవమనలేదు."

"కొరియావాళ్లు మాత్రం స్మశానంలోకి రాకూడదు," అన్నాడు సాతిబల్డి. "పాటలూ అవీ పెట్టుకుంటే నేనొప్పుకున్నా ఊరొప్పుకోదు. రేపు పొద్దున్నకి ఆ సమాధి మీద రాయి మిగలదు."

మంబెత్ సాల్కిన్‌ను చూశాడు. ఆమె వరండా దగ్గరికి వెళ్లి హాన్‌కు ఆ మాట చెప్పింది. ఆయన గుడారంవైపే చూస్తూ ఉండిపోయాడు. రాత్రి పిల్లలతో కూర్చుని ఆ పాటలోని నాలుగు పంక్తులూ కిర్గిజ్‌లో నేర్పించాడని సాల్కిన్‌కు తెలుసు. మాటల ఉచ్చారణ సరిచేసింది తనే.

"మేం పాడకపోతే ఆమెను అక్కడికి తీసుకెళ్లనిస్తారా?"

"తీసుకెళ్తారు."

"అయితే పాడం." పిల్లలవైపు తిరిగి, "వెళ్లం కూడా" అన్నాడు. మిన్‌గ్యు ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. "మమ్మల్ని ఏం చెయ్యమంటారో అడగండి, సాల్కిన్ గారూ. ఏ పనైనా సరే."

ఆమె అడిగేలోగా గుడారం గుమ్మంలోంచి జూరా తల బయటపెట్టింది. ఏడ్చిన మొహంతోనే, "ఏంటంటాడు?" అంది. సాల్కిన్ చెప్పింది.

"అంట్లు కొండలా పడి ఉన్నాయి, చూడలేదూ? ఆ పొడుగాడిని నీళ్లు మొయ్యమను. ఆడపిల్లలు వచ్చి బోర్సోక్ పిండి కొయ్యమను. ఇంతమంది తిరిగొచ్చి ఏం తింటారు, గాలా?"

అలా కొరియా విద్యార్థులు పెరటి వెనక్కి వెళ్లారు. మిన్‌గ్యు కాలువనుంచి బకెట్లు మోశాడు. హాన్ జిప్సానిం చొక్కా చేతులు మడిచి, మసిపట్టిన గుండిగలోకి సగం ఒంగి బూడిదతో తోమాడు. ఉన్‌బి బొబ్బల చేత్తోనే కత్తి పట్టుకుని పిండి ముక్కలు కోసింది. ఊరి ఆడవాళ్లు వాటిని నూనెలో వేస్తూ, వంకరగా ఉన్నాయని విసుక్కుంటూ, మళ్లీ కొయ్యమని పిండి ముందుకు తోశారు.

శవాన్ని బయటికి తెచ్చి దింపారు. మగవాళ్లు వరసలు కట్టారు. ముల్లా అడగాల్సిన మాట ఒకటుంది. ఆయన వెనక వరసలో నిలబడి ఉండటంతో ఎవరు అడుగుతారో తెలియక అందరూ ఊరుకున్నారు. మంబెత్ గొంతు సవరించుకున్నాడు.

"జనమా, ఈవిడ ఎలాంటి మనిషి?"

ఓర్మోన్ పిడికిళ్లు బిగించుకున్నాడు. అప్పుడు వెనక వరసనుంచి ఒక గొంతు వచ్చింది.

"మంచి పొరుగు," అన్నాడు జాపార్ ముల్లా.

"మంచి మనిషి," అన్నారు ముందున్నవాళ్లు. "మంచి మనిషి," అని మిగిలినవాళ్లూ అన్నారు.

పాడె భుజాలకెత్తుకోగానే గుడారంలో ఆడవాళ్ల శోకం పైకి లేచింది. సాల్కిన్ గోడవైపు తిరిగి నోరు తెరిచింది. ఈసారి మాటలు వచ్చాయి. గురక పెడుతుందని పాడింది. చన్నీళ్లంటే పడదని పాడింది. తన పెళ్లినాడు పొయ్యి రాజెయ్యడం రాకపోతే పక్కన కూర్చుని ఊది ఇచ్చిందని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని పాడింది. జూరా పక్కకు జరిగి ఆమె భుజానికి భుజం ఆనించింది.

*

మగవాళ్లు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. సాల్కిన్ గేటు దగ్గర కూజాతో నిలబడి చేతులమీద నీళ్లు పోసింది. ఓర్మోన్ మోకాళ్లదాకా మట్టి ఉంది.

"గొయ్యి మేం తవ్వలేదు," అన్నాడు ఆమెకు మాత్రమే వినిపించేలా. "మేం వెళ్లేసరికే జాపార్ బైకె కొడుకులిద్దరూ పారలతో ఉన్నారు. సగం పైగా అయిపోయింది. నాన్న పక్కనే. ఎవరు పంపారని అడిగితే మాట్లాడలేదు."

నీళ్లు ఆగిపోయాయని అతను చెప్పేదాకా సాల్కిన్ గమనించలేదు.

పరిచిన బట్ట చుట్టూ అందరూ కూర్చున్నారు. మంబెత్ రొట్టె విరవబోయి ఆగాడు. ఇంటి వెనకనుంచి గిన్నెల చప్పుడు వస్తోంది.

"వాళ్లు తిన్నారా?"

"లేదు తాయకె."

"నా చెల్లెలింట్లో అతిథులు ఆకలితో అంట్లు తోముతున్నారా? పిలువు."

వాళ్లు వచ్చి ఓ మూలగా కూర్చోబోతే మంబెత్ కర్రతో తన పక్క చోటు చూపించాడు. హాన్ జిప్సానిం మసి చేతులు వెనక దాచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. సాతిబల్డి కాస్త జరిగి చోటిచ్చాడు. మంబెత్ రెండుసార్లు తన ముందున్న మాంసం ముక్కను హాన్ ముందుకు తోశాడు. హాన్ రెండుసార్లూ రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇతన్ని ఒకటడుగు, కోడలా," అన్నాడు మంబెత్ చివరికి. "నా చెల్లెలు ఏం చూసి మీ దారి పట్టింది? గొడవకు కాదు. తెలుసుకుందామని."

సాల్కిన్ వెనకనుంచి, నిలబడే ఆ మాట చెప్పింది. ఇలాంటి ప్రశ్నకు హాన్ దగ్గర సిద్ధంగా జవాబులుంటాయని ఆమెకు తెలుసు. ఎన్నో సాయంత్రాలు వాటిని ఆమే తిరగేసి చెప్పింది. వాటిలో ఒక్కటీ ఆయన నోట రాలేదు.

"నాకు తెలియదు," అన్నాడు. "అడగాలని ప్రతిసారీ అనుకునేవాణ్ని. ముందు తినమనేవారు. తిన్నాక, ప్రయాణం చేసొచ్చావు పడుకో అనేవారు. ఆమె కథ నాకు తెలుసని మా ఊళ్లో చాలాసార్లు చెప్పాను. నిజానికి నేను అడిగిందే లేదు."

సాల్కిన్ అది కిర్గిజ్‌లో చెప్పింది. మంబెత్ గడ్డంలో చిక్కుకున్న రొట్టె తునకను తీసి బట్టమీద పెట్టాడు.

"నువ్వు అడగాలని అనుకోనైనా అనుకున్నావు," అన్నాడు. "నేను అదీ లేదు. అరగంట గుర్రం దారి. రాలేదు. వచ్చి అడిగుంటే నాకూ ముందు తినమనే అనేది."

హాన్ అర్థంకాక సాల్కిన్‌వైపు చూశాడు. మేనమామ సొంత బాధ. పరాయివాడికి చేరవేయవచ్చో లేదో తెలియక ఆమె తటపటాయించింది.

"అదీ చెప్పు," అన్నాడు మంబెత్. పక్కకు జరిగి తను కూర్చున్న దుప్పటి అంచు ఆమెవైపు లాగాడు. "నిన్నటినుంచీ నిలబడే ఉన్నావు. కూర్చుని చెప్పు."

మగవాళ్ల వరసలో, సాతిబల్డికి ఎదురుగా, సాల్కిన్ కూర్చుంది. కూర్చుని చెప్పింది.